ఏడో నంబర్ పలికింది

నేను కాగితాన్ని నమ్మే మనిషిని. తారీఖు, సంతకం, ముద్ర ఉంటే నమ్ముతాను. లేకపోతే లేదు. మా కట్టంగూరులో ఒకరింటి అటక మీద గజ్జెల చప్పుడు వినబడుతోందని వాడకట్టు వాడకట్టంతా పోగైతే, పైకెక్కి ఎలుకల బోను పెట్టి వచ్చినవాణ్ని నేనే. మర్నాడు బోనులో ఎలుక పడింది. ఒక్కరు కూడా నువ్వు చెప్పిందే నిజమనలేదు. అదీ నాకు గుర్తుంది.

ఆపకుండా పోయిన బస్సు మీద, నా పేరు తప్పు రాసిన జాబితా మీద, తూకం తగ్గించిన దుకాణం మీద అర్జీలు పెట్టాను. అన్నిటి నకళ్లూ నా దగ్గర ఉన్నాయి. ఊళ్లో నన్ను అర్జీల యాదగిరి అంటారు. అననీ.

వాటన్నిటికంటే లావుపాటి ఫైలు ఒక్క వాక్యం గురించి. "బృంద నాయకుడు మార్గమధ్యంలో లెక్క తీసుకోలేదు." ఒక విచారణ నివేదికలో నా గురించి రాసిన వాక్యం అది. అది అబద్ధం. నేను లెక్క తీసుకున్నాను. అయితే ఆ లెక్కలో వచ్చిన జవాబు ఎవరిదో నేను చెప్పలేను. నా జీవితంలో నేను రుజువు చూపలేనిది అదొక్కటే.

రాష్ట్రం వచ్చిన కొత్తలో నల్లగొండలో డిగ్రీ చదువుతున్నాను. ఒక స్వచ్ఛంద సంస్థ మా కాలేజీలో యువతకు ఏడాది కార్యక్రమం పెట్టింది. వారానికొక రోజు సేవ చెయ్యాలి. ఏదో ఒక పని కొత్తగా నేర్చుకోవాలి. రోజూ వ్యాయామం చెయ్యాలి. చివర రెండు రోజుల సాహస యాత్ర. అన్నీ పూర్తి చేస్తే సర్టిఫికెట్. యూనిఫాం ఉద్యోగాలకు పనికొస్తుందని చెప్పారు. నాకు పోలీసు ఉద్యోగం మీద ఆశ. ఏడాదిలో ఒక్క వారం మానలేదు. ఇంకుడు గుంతలు తవ్వాను. దవాఖానలో రోగుల వెంట తిరిగాను. ముసలివాళ్లకు సంతకం నేర్పాను.

కార్యక్రమం అధికారి హైదరాబాదు మనిషి. మొదటి రోజే పేరు, ఊరు అడిగి, "కట్టంగూరంటే హైవే మీద ఊరు కదా! బస్సు ఎక్కడం తప్ప నడక ఎక్కడ వస్తుందయ్యా నీకు?" అన్నాడు. అందరూ నవ్వారు. ఆ రోజు నవ్వినవాళ్ల పేర్లు ఇప్పుడడిగినా వరసగా చెప్పగలను. మల్లేశ్ నవ్వలేదు.

మల్లేశ్ది రామన్నపేట. గొర్లు పెంచే ఇల్లు. నాకంటే ఏడాది చిన్న. తండ్రి లేడు, తల్లి, అవ్వ ఉండేవారు. సెలవుల్లో మంద వెంట పోయేవాడు, కాలేజీ ఉన్న రోజుల్లో మా వెంట వచ్చేవాడు. రెండింటికీ ఒకే నడక.

యాత్రలో బృందానికి ఏడుగురు. సార్లు వెంట రారు. పటం, దిక్సూచి చేతికిస్తారు. గమ్యం దగ్గర వాళ్లు ఎదురుచూస్తుంటారు. గంటకోసారి నాయకుడు ఆగి "లెక్క" అని అరవాలి. ముందున్నవాడి నుంచి చివరివాడి దాకా ఒకరి తర్వాత ఒకరు తమ నంబరు పలకాలి. అది పుస్తకంలో టైముతో సహా రాయాలి. మా బృందానికి నాయకుణ్ని నేను.

దీన్ని కాలేజీ మైదానంలో ముందుగా సాధన చేయించారు. మొదటి రోజే తంటా వచ్చింది. ఒకటి, రెండు, మూడు అని ఆరు దాకా వచ్చాక మల్లేశ్ "ఆరున్నొక్కటి" అన్నాడు.

అధికారి ఈల ఊది ఆపాడు. "ఏమన్నావ్?"

"ఆరున్నొక్కటి సార్."

"ఏడు అనలేవా?"

"మా ఇంట్ల గా మాట అనరు సార్. మా అవ్వ అననియ్యది."

"ఎందుకు?"

"ఏడు అంటె ఏడువుమన్నట్టేనంట సార్. గొర్లను లెక్కవెట్టినా, వడ్లు కొలిసినా ఆరున్నొక్కటే అంటం."

నాకు ఇది కొత్త కాదు. మా ఇంట్లోనూ వడ్లు కొలిచేటప్పుడు మొదటి మానికను ఒకటి అనకుండా లాభం అంటారు, ఏడో మానికకు ఆరున్నొక్కటి అంటారు. కానీ అది కల్లం దగ్గరి మాట. కాలేజీ మైదానంలో ఎవరంటారు? అధికారి మూడుసార్లు చెప్పించబోయాడు. మల్లేశ్ తల వంచుకొని మూడుసార్లూ ఆరున్నొక్కటే అన్నాడు. చివరకు అధికారి నా వైపు తిరిగి, "నీ బృందానికి నువ్వు అంకెలు కూడా నేర్పలేవా?" అన్నాడు. తప్పు వాడిది, మాట నాకు పడింది.

శ్రీలత అని ఒకమ్మాయి మా బృందంలో ఉండేది. మాటకారి. "లీడర్ సాబ్, నీకు గా దిక్సూచి ఇచ్చిన్రు గని, మల్లిగాని నోరు దిప్పెతందుకు ఏమియ్యలే" అంది. మళ్లీ అందరూ నవ్వారు.

యాత్ర ఆగస్టులో. దేవరకొండ దాటి, కృష్ణ వైపు పోయే గుట్టలు. మొదటి రోజు బాగానే గడిచింది. రాత్రి గుట్ట కింద ఒక తండా బడిలో పడుకున్నాం. రెండో రోజు పొద్దున ఎనిమిదింటికి ముసురులో బయలుదేరాం. సంస్థ వాళ్లు ఇచ్చిన ఒకే రకం పసుపు రెయిన్ కోట్లు ఏడుగురమూ వేసుకున్నాం. మధ్యాహ్నం రెండింటికల్లా గుట్టకు అవతల, రోడ్డు పక్కన నీళ్ల ట్యాంకు దగ్గరికి చేరాలి.

అరగంట నడిచాక తొవ్వ రెండుగా చీలింది. పటం చూసి ఎడమకు అన్నాను. మల్లేశ్ ముందుకొచ్చి, "అన్నా, గది తొవ్వ గాదె. మేకలు గిటు వోయిన జాడలున్నయ్ సూడు. గటు వోతే లోయే" అన్నాడు. నేను వినలేదు. ఎడమకే తీసుకుపోయాను. అరగంట పోయాక నిజంగానే లోయ అడ్డం వచ్చింది. వెనక్కి తిరిగాం. అందరి ముందూ. శ్రీలత నవ్వింది.

ఇప్పుడు రాయబోయేది ఇన్నేళ్లలో నేను ఏ అర్జీలోనూ రాయలేదు.

అప్పటిదాకా మల్లేశ్ నా వెనకే రెండో స్థానంలో నడుస్తున్నాడు. మైదానంలో ఇచ్చిన నంబర్లు యాత్రలో పాటించనక్కర్లేదు, వరసను నాయకుడు మార్చుకోవచ్చు. చీలిక దగ్గరికి తిరిగి వచ్చాక వాణ్ని చివరికి పొమ్మన్నాను. చివర నడిచేవాడే వంట గిన్నెల సంచి మొయ్యాలని నియమం. మొయ్యమన్నాను. "ఏడో నంబర్ నీకు బాగా అలవాటే కదా" అన్నాను.

వాడు నా మొహం చూసి, "సరె తియ్యన్నా" అని సంచి భుజానికి వేసుకున్నాడు. గొణగలేదు.

తొమ్మిదిన్నరకు లెక్క తీశాను. ఏడు గొంతులు వచ్చాయి, చివరిది ఆరున్నొక్కటి. పదిన్నరకు, తొవ్వకు అడ్డంగా పరిచినట్టున్న పరుపు బండ మొదట్లో మళ్లీ తీశాను. ఆరున్నొక్కటి. పుస్తకంలో రాశాను.

ఆ బండ వాలుగా, నాచుతో ఉంది. ఒక్కొక్కరం చేతులు ఆనించుకుంటూ దాటి, అవతల ఉన్న గుండ్ల సందులోకి దిగాం. అక్కడినుంచి తొవ్వ మనిషి పట్టేంత మాత్రమే. రెండు పక్కలా ముళ్ల కంప. పైనుంచి మబ్బు దిగింది. ముందువాడి వీపు తప్ప ఏమీ కనబడదు. టోపీ కప్పుకొని, వీపున బరువుతో వెనక్కి తిరగాలంటే ఒళ్లంతా తిప్పాలి. అయినా తిరగవలసింది. ఆలస్యమైందన్న తొందరలో ఉన్నాను. తొవ్వ తప్పించింది కూడా నేనే కదా. తినడానికి కూడా ఆగనివ్వలేదు. నడుస్తూనే జేబుల్లోని అటుకులు తిన్నాం.

పదకొండున్నరకు "లెక్క" అని అరిచాను. ఒకటి నాది. రెండు, మూడు, నాలుగు, అయిదు. ఆరు శ్రీలతది. తర్వాత కొంచెం ఆగి ఏడో గొంతు వచ్చింది.

"ఏడు."

మల్లేశ్ గొంతే. రెండేళ్లుగా రోజూ విన్న గొంతు. కాస్త ముక్కుతో మాట్లాడతాడు, చివర కొద్దిగా లాగుతాడు. అన్నీ అలాగే ఉన్నాయి. మాట ఒక్కటే మారింది.

నేను అప్పుడు ఏమనుకున్నానో కూడా రాస్తాను. దారికొచ్చాడు అనుకున్నాను. అధికారికి లొంగనివాడు నాకు లొంగాడని సంతోషపడ్డాను. పుస్తకంలో 'ఏడు' అని రాసి ముందుకు నడిచాను.

పన్నెండున్నరకు మళ్లీ "ఏడు". ఒంటిగంటన్నరకు మళ్లీ "ఏడు". రొప్పు లేదు. అలసట లేదు. భయం లేదు. పదడుగుల దూరంలో నిలబడి పలికినట్టు ఉంది.

రెండింటికి అయిదు నిమిషాలు తక్కువగా నీళ్ల ట్యాంకు దగ్గరికి చేరాం. అధికారి జీపు పక్కన నిలబడి ఉన్నాడు. మొహం తెల్లగా పాలిపోయి ఉంది. మమ్మల్ని వేలితో లెక్కపెట్టాడు. ఆరు దగ్గర వేలు ఆగింది. నేను వెనక్కి తిరిగి చూశాను. శ్రీలత వెనక తొవ్వ ఖాళీగా ఉంది. "ఇప్పటిదాకా ఉన్నాడు సార్, అరగంట కింద పలికాడు" అన్నాను.

"వాణ్ని దేవరకొండ దవాఖానకు తీసుకుపోయి గంట దాటింది" అన్నాడు అధికారి.

పరుపు బండ కింద మేకలు కాస్తున్న ఒక ముసలాయన చూశాడు. తర్వాత నేను వెళ్లి ఆయనతో మాట్లాడాను. "పసుప్పచ్చది ఏందో జారంగ జూసిన. గొంగడి ఆడ వడేసి ఉరికిన. నీళ్లు వోద్దామంటె నోరు దెరవలే, పిలగాడు అప్పటికే పాణమిడిసిండు" అన్నాడు. కిందికి దిగి సిగ్నల్ దొరికాక తండా సర్పంచ్‌కు ఫోన్ చేశాడు. సర్పంచ్ అధికారికి కబురు పెట్టాడు. ముసలాయన ఫోన్ వచ్చిన టైము సర్పంచ్ సెల్లులో నేను స్వయంగా చూశాను. పదకొండూ పది. గుట్ట మీద మాకు సిగ్నల్ లేదు. గిన్నెల సంచి వాడి పక్కనే దొరికింది. ఇత్తడి గిన్నెలు బండ మీద పడితే గుట్టంతా మోగాలి. మా ఆరుగురిలో ఒక్కరికీ వినబడలేదు.

అంటే మొదటిసారి "ఏడు" అని వినబడటానికి ఇరవై నిమిషాల ముందే మల్లేశ్ లేడు.

విచారణ జరిగింది. ఆరుగురినీ విడివిడిగా అడిగారు. అందరూ వాడి గొంతు విన్నామనే చెప్పారు. అధికారి నమ్మలేదు. "కాలేజీలో హాజరుకు ఒకరి బదులు ఒకరు పలుకుతారు కదా, అక్కడా అదే చేసి ఉంటారు" అన్నాడు. నివేదికలో అది కూడా రాయలేదు. నేను అసలు లెక్కే తీసుకోలేదనీ, పుస్తకం తర్వాత నింపాననీ రాశాడు. మిగిలిన అయిదుగురికీ సర్టిఫికెట్లు ఇచ్చారు. నాకు ఇవ్వలేదు.

నేను ఆగలేదు. సంస్థకు, కాలేజీకి, పైవాళ్లకు రాశాను. నివేదిక నకలు కోసం ఏడాది తిరిగాను. పోలీసు ఉద్యోగం వయసు దాటిపోయింది. ఎరువుల దుకాణంలో పనికి కుదిరాను. సర్టిఫికెట్ ఇప్పుడు ఇచ్చినా దేనికీ పనికిరాదు. నాకు ఆ వాక్యం పోవాలి, అంతే. ఇద్దరు అధికారులు మారారు. నా అర్జీ మారలేదు.

ఇంకోటి కూడా చేశాను. శ్రీలతను అనుమానించాను. మల్లేశ్‌కు ముందు నడిచింది ఆమే. ఎగతాళికి వాడి గొంతు తీసి పలికిందనుకున్నాను. అట్లాగైతే ఆరున్నొక్కటి అని పలకాలి కదా, అందరూ నవ్వే మాట అదే కదా అని నా మనసే నాకు చెప్పేది. వినలేదు. ఆమె పెళ్లికి పిలిస్తే పోలేదు.

పోయిన ఏడాది సంస్థకు కొత్తగా వచ్చిన మేడమ్ నన్ను పిలిచింది. నా ఫైలు మొత్తం చదివిన మొదటి మనిషి ఆమె. కుర్చీ వేసి కూర్చోమంది. "ఒక పని చెయ్యండి యాదగిరి గారూ. మీరు లెక్క తీశారు, బృందంలో ఒకరు అతని బదులు పలికారు అని రాసివ్వండి. ఆ అబ్బాయి ఇంటివాళ్లకు అభ్యంతరం లేదని సంతకం తెండి. ఆ వాక్యం నేను తీసేస్తాను" అంది. ఎవరు పలికారో కూడా పేరు రాయాలని అంది.

ఆ రాత్రే శ్రీలతకు ఫోన్ చేశాను. మహబూబ్‌నగర్‌లో నర్సుగా చేస్తోంది. విషయం చెప్పాను.

"రాసుకో యాదగిరన్నా. ఇన్నేండ్ల సంది నీకు నా మీదనే గద అనుమానం. నా పేరే రాసుకో. గప్పుడన్న ఇడిసిపెడతవేమో."

"నువ్వు పలకలేదా?"

"నేనెందుకు పలుకుత? వాడు నా ఎన్కనే ఉన్నడనుకున్న." గొంతు తగ్గించింది. "గా ముండ్ల తొవ్వల కొమ్మలు మొఖానికి కొట్టకుంట ముందటోల్లు వట్టుకొని ఎన్కోల్ల చేతికిచ్చినం, యాదికున్నదా?"

"ఉంది."

"నేను గూడ ఇచ్చిన. వట్టుకున్నరు అన్నా. ఇడిసిపెట్టిన కొమ్మ సర్రుమని ఎన్కకు వోవాలె గద? ఒక్కటి గూడ వోలే. నా చేతికెల్లి నెమ్మదిగ తీసుకున్నరు. గిది నన్ను ఎవ్వలడగలే. నువ్వు గూడ అడగలే."

నిజమే. నేను అడగలేదు.

అయినా మర్నాడు కాగితం టైపు చేయించుకొని రామన్నపేట పోయాను. సిగ్గుపడుతూనే రాస్తున్నాను. పేరు ఉండాల్సిన చోట ఖాళీ వదిలించాను.

మల్లేశ్ తల్లి లింగమ్మ దొడ్డి ముందు కూర్చొని గొర్రెపిల్లకు సీసాతో పాలు పడుతోంది. అవ్వ చనిపోయి చాలాకాలమైందట. కొడుకు దహనం రోజు ఆ ఇంటికి పోతే, వాళ్ల బంధువు ఒకాయన నన్ను గడప దాటనివ్వలేదు. ఆ మాట మనసులో పెట్టుకునే పోయాను. ఆమె మాత్రం లేచి మంచం వాల్చింది. చాయ్ పెట్టింది. కాగితం ఎందుకో సగం చెప్పేసరికే, "నీకు మంచిగైతదంటె వేస్త బిడ్డా, గిండ్ల నాకు పొయ్యేదేమున్నది" అని వేలిముద్ర వేసింది. వేలు కొంగుకు తుడుచుకుంటూ అడిగింది.

"మావోడు ఎప్పుడు ముందట నడిశెటోడు. మందల గూడ ముందటనే. గా దినం ఎన్క ఎందుకున్నడు?"

విచారణలో ఎవరూ అడగని ప్రశ్న. నేను కూర్చున్న చోటే తల వంచుకున్నాను. చెప్పాను. వాడు తొవ్వ సరిగ్గా చెప్పాడనీ, నలుగురిలో నాకు చిన్నతనమైందనీ, ఆ కోపంతో గిన్నెల సంచి మోపి చివరికి పంపాననీ చెప్పాను. తర్వాత మూడుసార్లు లెక్క తీసిందీ, వినబడిందీ చెప్పాను.

ఆమె తిట్టలేదు. గొర్రెపిల్లను మళ్లీ దగ్గరికి లాక్కొని సీసా నోటికి అందించింది.

"ఏమని పలికిండు?"

"ఏడు అని."

ఆమె చెయ్యి ఆగింది. "సరిగ్గ యాది జేసుకో బిడ్డా. ఆరున్నొక్కటి అన్నడా?"

"లేదమ్మా. మూడుసార్లూ ఏడు అనే."

"అయితె వాడు గాదు" అంది. నిబ్బరంగా, తెలిసిన సంగతి చెప్పినట్టు అంది. "సచ్చినా నా కొడుకు గా మాట అనడు." తర్వాత నన్నే అడిగింది. "మరి ఎవలు?"

గొంతు వాడిదే. దాని మీద ఎక్కడైనా ప్రమాణం చేస్తాను. మాట వాడిది కాదు. దాని మీద ఆమె ప్రమాణం చేస్తుంది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి నేను చాలా ఆలోచించాను. కొండ ప్రతిధ్వని అనుకున్నాను, ఆరుగురి భ్రమ అనుకున్నాను. ఒక్కటీ అతకడం లేదు.

వేలిముద్ర ఉన్న కాగితం మేడమ్‌కు ఇవ్వలేదు. ఎవరి పేరూ రాయలేదు. ఇంటికొచ్చి రెండు పేజీలు చేత్తో రాశాను. లెక్క తీశాను, ఏడు గొంతులు వచ్చాయి, ఏడో మనిషి అప్పటికి లేడు, వాణ్ని వరసలో చివర పెట్టింది నేను, కారణం కోపం. కింద తారీఖు వేసి సంతకం చేసి పోస్టులో పంపాను.

వారం తర్వాత మేడమ్ ఫోన్ చేసింది.

"చదివాను యాదగిరి గారూ. కానీ ఇది అర్జీ కాదు. వివరణ కూడా కాదు. దీన్ని నేను ఏ ఫైల్లో పెట్టాలి?"

నాకు తెలియదన్నాను.